కోనసీమలో రంగుల సబ్బు

గోదావరి ధవళేశ్వరము దాటిన పిదప పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ పాయలలో గౌతమికిని వసిష్ఠకును నడుమ నున్న భూమికే కోనసీమ యని పేరు. 1852వ సంవత్సరమున కాటను దొర ధవళేశ్వరముకడ ఆనకట్ట ముగించిన నాటినుండి కాలువలు పాఱి యీ సీమ పచ్చబడినది. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో నిది వేఱు జిల్లా యైనది. అమలాపురము దానికి ముఖ్యపట్టణము. కోనసీమను గూర్చి వ్రాయువారందఱును కొబ్బరితోటలతో మొదలిడి ఆత్రేయపురపు పూతరేకులతో ముగింతురు. ఆ వర్ణనము మన సోదరీమణులకు క్రొత్త గాదు. నేను చెప్పబూనినది అచ్చట నొక పెంకుటింటి వెనుకవసారాలో చూచిన సబ్బులపనిని గూర్చి.

మా వారు ఉపాధ్యాయు లగుటచే మా ప్రయాణములన్నియు బడిసెలవులను బట్టియే సాగును. సంక్రాంతికి మూడు దినములు ముందుగా రాజమహేంద్రవరమున బస్సెక్కితిమి. కడియపు పూలతోటలు దారి ప్రక్కనే యుండుటచే పిల్లలు కిటికీ వదలలేదు. జొన్నాడకడ గౌతమిపై వంతెన దాటినంతనే రావులపాలెము. ఆపైన కొత్తపేట, అంబాజీపేట. దారిపొడుగునను కొబ్బరిడొక్కలు గుట్టలుగా పోసియున్నవి. నేలలో నాటిన గునపముపై కాయను గ్రుచ్చి, మూడు త్రిప్పులలో పీచంతయు నూడదీయు పనివారి చేతివేగము చూడదగినది. అంబాజీపేట కొబ్బరిబజారు ప్రసిద్ధమైనది. కాయలను నెలల తరబడి అటకలపై నిలువయుంచి, లోని నీరింకి కొబ్బరి గుండుగా విడివడిన పిదప అమ్ముదురు. ఆ గుండునే కురిడీ యందురు. కాయ నూపినచో లోపల గుండు గడగడలాడును. మా చిన్నది ఆ శబ్దము విని దానిలో గోలీకాయ యున్నదని తలంచినది.

మేము దిగినది మా వారి పినతల్లి కుమార్తె యింట. నాకన్న రెండేండ్లు చిన్నది. నన్ను వదినా యని పిలుచును. రసాయనశాస్త్రముతో బి.యస్సీ. చదివి, పెండ్లియైన పిదప పదేండ్లు ఆ చదువును అటకపై పెట్టినది. వారికి రెండెకరముల కొబ్బరితోట కలదు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో ఆ తోటలో సగము నేలకొఱిగినదని ఆమె యత్తగారు చెప్పిరి. మరల నాటిన చెట్లు కాపునకు వచ్చి నిలద్రొక్కుకొనుచుండగా, కొంతకాలము క్రిందట తెల్లదోమ పట్టినది. ఆ పురుగు ఆకు క్రింద చేరి రసము పీల్చును. అది విడిచిన జిగటపై మసి పట్టి ఆకులు నల్లబడును. కాయ చిన్నదగును, బేరగాడు ముఖము త్రిప్పుకొనును. అమ్ముడుపోని చిన్నకాయల కొబ్బరిని ఎండబెట్టి గానుగకు పంపి, ఆ నూనెతో సబ్బు చేయ మొదలిడినది మా ఆడపడుచు. ఇప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు ముగ్గురు ఆమెతో కలిసి పని చేయుచున్నారు.

సబ్బు అను మాటయే మనది గాదు. పరదేశపు వర్తకులతో వచ్చినది. మన యిండ్లలో తలకు కుంకుళ్లు, శీకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకు చాకలివారి చౌడుమన్ను. ఆ చౌడులో నున్నది సోడాక్షారమే యని మాత్రము మనము పేరు పెట్టి చెప్పుకొనలేదు. భోగినాడు ఆ యింటి పెద్దావిడ పిల్లలందఱికిని నువ్వులనూనె అంటి, కుంకుడురసముతో తలలు రుద్దిరి. కోడలి సబ్బు లన్నియు అఱలలో బారులు తీరియుండగా, ఆమె వానివైపు చూడనైన చూడలేదు. కోడలు నవ్వి, "మా అత్తగారొక్కరే నాకు కొనుగోలుదారు కాలేదు వదినా" అన్నది. అత్తగారును నవ్విరి గాని మాటకు మాట చెప్పలేదు.

సబ్బు పుట్టు విధమును ఆమె నాకు బోధించిన క్రమముననే చెప్పెదను. నూనెకును క్షారమునకును పొందు కుదిరినచో రెండును తమ రూపములు విడిచి సబ్బును, గ్లిసరినును అగును. ఆ క్షారమే కాస్టిక్ సోడా. ఏ నూనె కెంత సోడా కావలయునో దానికొక లెక్క యున్నది. నూఱు గ్రాముల కొబ్బరినూనె పూర్తిగా సబ్బగుటకు పదునెనిమిది గ్రాములకు కొంచెము పైగా సోడా పట్టును. తవుడునూనెకు పదుమూడు, ఆముదమునకు ఇంచుమించుగా నంతే. ఆమె యొక అచ్చునకు 400 గ్రాముల కొబ్బరినూనె, 500 గ్రాముల తవుడునూనె, 100 గ్రాముల ఆముదము కొలిచి, 143 గ్రాముల సోడాను 330 గ్రాముల నీటిలో కరగించినది. లెక్కకు వచ్చిన సోడాకన్న కొంచెము తగ్గించుటచే కొంత నూనె మార్పు చెందక మిగిలి చర్మమునకు మెత్తదన మిచ్చును. కొబ్బరినూనె నురుగునకును గట్టిదనమునకును మేలైనదే గాని, అదియే హెచ్చైనచో ఒడలు పొడిబాఱును. అందువలన దానికి తక్కిన రెండు నూనెలను తోడుచేయుట. సముద్రమునకు చేరువ గ్రామములవారు మాత్రము అచ్చముగా కొబ్బరినూనె సబ్బునే కోరుదురట. ఉప్పునీట తక్కిన సబ్బులు విఱిగిపోవును, ఇది నురుగు నిచ్చును.

ఇందులో ప్రమాదము చిన్నది గాదు. సోడా నీట పడినంతనే నిప్పు లేకయే నీరు ఎనుబది డిగ్రీలవఱకు కాగును. ఘాటైన ఆవిరి లేచును. నీటిలో సోడాను కొంచెము కొంచెముగా వేయవలెనే గాని, సోడాపై నీరు పోయరాదు. పోసినచో చిమ్ముకొని పైకెగురును. అల్యూమినియపు పాత్ర పనికిరాదు, సోడా దానిని తినివేయును. స్టీలుగిన్నె గాని దళసరి ప్లాస్టిక్ పాత్ర గాని కావలెను. మా ఆడపడుచు చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు పెట్టుకొని, కిటికీలన్నియు తెఱచి, పిల్లలను గడప దాటి రానీయక, తలుపునకు గొళ్లెము పెట్టి పని మొదలిడినది. చుక్క చర్మముపై పడినచో ఆలసింపక ధారగా నీరు పోసికొనవలెనట; నిమ్మరసమును గాని వినిగరును గాని వెదకుచు కూర్చుండరాదట. తూకము గ్రాముతో సహా చూపు త్రాసు లేనివారును, పసిబిడ్డలు కాళ్లకడ తిరుగాడు ఇల్లాండ్రును ఈ పనికి దిగకుండుట మేలని నా యభిప్రాయము. నేను కూడ అందువలననే దూరముగా పీటపై కూర్చుండి చూచితిని. పద్యములో యతి తప్పినచో పండితులు నవ్వి యూరకుందురు. ఇచ్చట పది గ్రాములు తప్పినచో స్నానము చేసినవారి ఒడలు మండును.

ఇక రంగులు. మన స్త్రీలకు పూలరంగులు, ఆకురంగులు తెలియును. కాని క్షారము తగిలినప్పుడు వానిలో నేది నిలుచును, ఏది పాఱిపోవును అనునది వేఱొక విద్య. శంఖపుష్పపు నీరు చూచుటకు ఆకాశమువలె నుండును; సోడా తగులగానే పచ్చబడి, పిమ్మట మురికిపసుపై మాసిపోవును. బీట్‌రూటు రసము గోధుమవన్నెకు దిగజాఱును. మందారమును అంతే. పసుపు ఎఱ్ఱబాఱును. పసుపులో సున్నము కలిపి పారాణి చేసికొను మనకిది వింతగాదు గాని, సబ్బులో నా యెఱుపు కొన్నాళ్లకు తగ్గి నారింజ గోధుమల నడుమ నిలుచును. వెలుతురున పెట్టినచో ఇంకను వెలిసిపోవును. నిలుచునవి కొన్ని యున్నవి. జాఫ్రాగింజలను రెండు వారములు నూనెలో నానవేసి వడగట్టినచో చక్కని బంగారువన్నె వచ్చును. నీలిమందు నీలము నిచ్చును. నలుపునకు ఆమె మఱియొకచోటికి పోనక్కఱలేదు. కొబ్బరిచిప్పల బొగ్గును మెత్తగా నూఱి సన్నని గుడ్డలో జల్లించును. ఇన్ని యున్నను గులాబివన్నె మాత్రము పూవులనుండి రాదు. అందుకొఱకు రంగుపూత పూసిన అభ్రకపు పొడి, మైకా యను పేర అంగళ్లలో అమ్మునది, కొనవలసివచ్చును. గులాబిరేకులు సబ్బులో పడినచో నల్లబడి తేయాకువలె కనబడును.

సబ్బునకు ఇన్ని రంగు లేల, మురికి పోగొట్టుటకు రంగునకు శక్తి యున్నదా యని నేనే అడిగితిని. లేదని ఆమెయే చెప్పినది. సాదా సబ్బు నలువది రూపాయల కమ్మిన బేరమాడువారు, అదే సబ్బులో రెండు రంగులు మెలివేసినచో మాఱుమాటాడక తొంబది యిచ్చుచున్నారట. నూనె యదే, సోడా యదే. హెచ్చిన ఏబది రూపాయలును చేతిపనికి వచ్చిన కూలి. వాకిట ముగ్గు పెట్టినందువలన ఇంటిలోనికి గాలి హెచ్చుగా రాదు, అయినను పెట్టుచునే యున్నాము గదా యని నా మనస్సు నాకే సమాధానము చెప్పుకొన్నది.

కనుమనాడు ఆ ప్రాంతమున జగ్గన్నతోటలో ప్రభల తీర్థము జరుగును. ఏకాదశరుద్రులకు పదునొకండు గ్రామములనుండి ప్రభలను మోసికొని వత్తురు. వెదురుబద్దలతో కట్టి, రంగురంగుల వస్త్రములు చుట్టి, గంటలు కట్టిన యా ప్రభలను భుజములపై నెత్తుకొని, పచ్చని చేలలో నుండియు, కౌశిక నీటిలో నుండియు పరుగున తెచ్చుచుండగా చూచిన కన్నులే కన్నులు. రైతు తన చేను త్రొక్కబడినందుకు వగవడు. 2023వ సంవత్సరమున ఢిల్లీలో గణతంత్రదినపు ఊరేగింపున మన రాష్ట్రపు శకట మీ ప్రభల తీర్థమునే చూపినది. నేను దేవుని చూచుచుండగా, నా ప్రక్కనున్న మా ఆడపడుచు ప్రభపై వస్త్రముల అంచులను చూచుచుండెను. పసుపు ప్రక్కన నీలము, రెంటికిని నడుమ సన్నని నల్లగీత. మఱునాడు ముక్కనుమ, ఆ దినమున ఆమె పోసిన సబ్బు ఆ వరుసదే.

నూనెలను, సోడానీటిని వేఱువేఱుగా ఉంచి, రెండును గోరువెచ్చనైన పిదప ఒకదానిలో నొకటి కలిపినది. చేతిమిక్సీతో కొంచెము త్రిప్పుట, ఆపి గరిటెతో కలుపుట, మరల త్రిప్పుట. మొదట పలుచని మజ్జిగ. పిమ్మట గరిటెనుండి జాఱిన ధార పైన క్షణకాలము గీతవలె నిలిచి మునుగును. అప్పటికి మిశ్రమము దోసెలపిండి జారున నుండును. రంగులు మెలివేయుట కదియే సమయము. దాటినచో ఇడ్లీపిండియై, ధార పాఱక ముద్దలుగా పడును. ముందే పోసినచో రంగులు ఒకదానిలో నొకటి కలిసి బురదయగును. ఆ నడిమి కాలము కొన్ని నిమిషములే. సుగంధపు నూనెలును దీనిని మార్చును. లవంగనూనె పడినచో చూచుచుండగనే గట్టిపడునట. అందుచే రంగులు పోయు దినములలో ఆమె నిమ్మగడ్డినూనెతో సరిపెట్టుకొనును. ఆ నిమిషములలో ఆ యింట ఎవరును ఎవరితోను మాటలాడరు. వీథిలో ఎవరో పిలిచిరి. అత్తగారే లేచి వెళ్లి, కోడలు పనిలో నున్నదని చెప్పి పంపివేసిరి.

మిశ్రమమును మూడు గిన్నెలలోనికి పంచినది. పెద్దదానిలో తెలుపు, ఒకదానిలో జాఫ్రా, ఒకదానిలో నీలిమందు. చెక్క అచ్చులో కాగితము పఱచి, అడుగున జాఫ్రావన్నెను పోసి, కొంత బిగిసిన పిదప టీ వడపోతలో చిప్పలబొగ్గు పొడి వేసి పైన పలుచగా జల్లినది. ఆ పొడియే కోసినపుడు వెండ్రుకవంటి నల్లగీత యగును. పొడి హెచ్చైనచో పొరలు అంటుకొనక విడిపోవును. దానిపై తెలుపును గరిటెపై నుండి మెల్లగా జాఱవిడిచినది, క్రింది గీత చెదరకుండుటకు. ఇక నీలము. గిన్నెను ఎత్తుననుండి వంచినచో ధార లోతునకు దిగును, దించి పోసినచో పైననే నిలుచును. చేయి ఎత్తుచు దించుచు, అచ్చు పొడుగునను, నీలము ఒక వరుస, తెలుపు ఒక వరుసగా పోయుచు పోయినది. చివరకు సన్నని ఇనుపతీగను కొక్కెమువలె వంచి, ప్రక్కగా దించి, ఒక్కమాఱు అడ్డముగా నడిపి పైకి తీసినది. అంతే. రెండవమాఱు త్రిప్పవలెనని చేతికి దురద పుట్టునట; త్రిప్పినచో తీగెలన్నియు చెడి ఒక్క బూడిదరంగు మిగులునట.

ఇంకొక పద్ధతియు చూపినది. చదరపు అచ్చు నడుమ నిలువుగా నొక కొయ్యముక్కను నిలిపి, ఒకదాని పిమ్మట నొకటిగా రంగులను ఆ కొయ్య శిరస్సుపైననే పోయవలెను. రంగులు నాలుగు ముఖములను జాఱి, వెనుకటి రంగును త్రోసికొనుచు, ఉల్లిపొరలవలె వలయములై పఱచుకొనును. చివరకు కొయ్యను నిలువుగా లాగివేయుట. సమముగా త్రోయునది గురుత్వమే గాని చేయి గాదు, అందుచే క్రొత్తవారి కిది సులభమని చెప్పినది.

అచ్చుపై చెక్కమూత వేసి గొంగళి కప్పిరి. లోపల వేడి తనంతట పుట్టి, నడుమ భాగము జిగురువలె పారదర్శకమై, రంగులు తేటపడును. వేసవిలో గొంగళి అక్కఱలేదు. ఆ దినములలో వేడి మీఱి సబ్బు నడుమ పగులునట.

ఆ మధ్యాహ్నమే పట్టణమునుండి యొక వర్తకుడు వచ్చెను. పెండ్లిండ్లలో తాంబూలముతో నిచ్చు కానుకలను సమకూర్చువాడు. మాఘమాసపు ముహూర్తములకు మూడువందల సబ్బులు, మూడు వారములలో కావలెననెను. గులాబివన్నె పొర యుండవలెను; పైకాగితముపై గులాబిరేకులతో చేసినదని అచ్చువేయవలెను. అఱలపై పక్వమైనవి నూటపది యున్నవి. తక్కినవి అప్పుడు పోసినను ఆఱు వారములకు గాని ఆమె యివ్వదు. రెండు మూడు దినములలోనే సోడా నూనెతో కలిసి సబ్బగుట చాలవఱకు ముగియును గాని, నీరారక మెత్తగా నుండి స్నానపుగదిలో పది దినములకే కరగిపోవును. ఆఱుటలో నింకను సౌమ్యమగును. వర్తకుడు అవన్నియు ఎవరు చూడబోవుదురని నవ్వెను. కాగితముమాట వచ్చినపుడు ఆమె, "రంగు మైకాది అండీ. రేకులని ఎలా వేస్తాను?" అని మాత్రము అన్నది.

ఆ యింటిలో నది చిన్నమాట గాదు. తోట రాబడి తఱిగియున్నది. గానుగవానికి నూనె బాకీ యున్నది. ఆ మూడువందల సబ్బులును ఒక్కమాఱే అమ్మినచో బాకీ తీఱి కొంత మిగిలెడిది. భర్త గడపకడ నిలిచి ఏమియు పలుకలేదు. పని చేయు స్త్రీలలో నొకతె నావైపు చూచినది, నేనైన చెప్పుదునేమో యని. చుట్టమునై వచ్చిన నేను ఆ బేరములో నోరు పెట్టుట ఉచితము గాదని యూరకుంటిని. సబ్బులు చేసి అమ్ముటకు లైసెన్సు కావలెను. 1940వ సంవత్సరపు చట్టము మొదట సబ్బును సౌందర్యద్రవ్యములలో చేర్పలేదు, 1982వ సంవత్సరపు సవరణతో చేర్చినది; ఇప్పుడు 2020వ సంవత్సరపు నియమములు నడచుచున్నవి. ఆ లైసెన్సుకొఱకు ఆమె తిరిగిన తిరుగుడు మా వారికి తెలియును. పటము కట్టి గోడకు వ్రేలాడదీసిన యా కాగితము క్రిందనే నిలిచి ఆమె యీ మాట చెప్పినది.

అప్పుడు మా వారు ఫ్రాన్సుదేశపు మార్సేలు పట్టణమును గూర్చి తాము చదివినది చెప్పిరి. అచ్చట 1688వ సంవత్సరమున పదునాలుగవ లూయీరాజు, సబ్బును అచ్చమైన ఆలివునూనెతోనే చేయవలెననియు, జూను, జూలై, ఆగస్టు నెలలలో చేయనే కూడదనియు శాసించెను. ఆ పట్టణమున నీలిచాఱలు గల సబ్బొకటి చిరకాలము చేసిరి. ఆ చాఱలు పైనుండి పోసిన రంగుగాదు. పెద్ద కాగులలో కాచి మెల్లగా చల్లార్చునపుడు, లోనున్న ఇనుపద్రవ్యములు విడివడి నరములవలె పఱచుకొన్నవి. సబ్బులో నీరు హెచ్చుగా కలిపినచో ఆ చాఱలు నిలువక అడుగున దిగిపోవును. కావున చాఱను చూచి కొనువారు, ఇందులో నీరు కలుపలేదని నమ్ముచుండిరి. వర్తకు డదంతయు వినయముగా విని, వీథిలో నున్న తన బండివైపు చూచెను.

తుదకు నూటపది సబ్బులను, జాఫ్రావి, నీలివి, తెల్లవి, ఉన్నవి ఉన్నట్లుగా, ఆమె కాగితములతోనే తీసికొని సొమ్మిచ్చి పోయెను. తక్కిన నూటతొంబదియు వేఱొకచోట చూచుకొందుననెను. గానుగవాని బాకీలో సగము తీఱినది. ఆ రాత్రి భోజనమువేళ అత్తగారు కోడలికి మాగాయ వడ్డించుచు, "తొందరపడి ఇస్తే వచ్చే ఏడు మన గుమ్మం ఎక్కడు లే" అనిరి. ఆమె సబ్బు వాడని యావిడయే ఆ మాట యన్నందున నాకు వింతయు, సంతోషమును కలిగినవి.

మఱునాటి యుదయమున అచ్చు విప్పిరి. గొంగళి తీయగానే నిమ్మగడ్డి పరిమళము వసారా నిండినది. పైభాగము చూచినచో లోపలి సంగతి యేమియు తెలియదు. మడత విప్పని చీరెవంటిది. సన్నని తీగ బిగించిన చట్రముతో అంగుళము మందముగా కోసిరి. మొదటి ముక్క పడగానే పిల్లలందఱును అఱచిరి. అడుగున బంగారువన్నె, దానిపై నల్లగీత, ఆపైన తెలుపులో నీలము ఈకలవలె, అలలవలె విచ్చుకొని యున్నది. పండ్రెండు ముక్కలలో ఏ రెండును ఒకటిగా లేవు. అదే దిమ్మను పొడుగునకు కోసినచో ఈకలకు మాఱుగా నదివంటి తీగలు వచ్చునని చెప్పినది. మూడవ ముక్కలో నల్లగీత ఒకచోట తెగియున్నది. దానిని ఆమె ప్రక్కకు పెట్టి, అమ్మకమునకు గాదనినది. అందఱికన్న చక్కనిది నాకు అదియే తోచినది.

ముక్కలను వెదురుతట్టలలో నొకదానికొకటి తగులకుండ నిలువుగా పేర్చి, ఎండ తగులని గదిలో పెట్టిరి. వారమున కొకమాఱు త్రిప్పిపెట్టవలెను. మేము బయలుదేఱునపుడు ఆ తెగినగీత ముక్కను, మఱి మూడింటిని పలుచని కాగితములో నుంచి నా చేతి కిచ్చి, వానిపై పెన్సిలుతో తేదీ వ్రాసినది. ఇంటికి పోగానే కాగితము విప్పి గాలికి పెట్టుమనియు, తేదీకి ముందు నీరు తాకనీయవలదనియు చెప్పినది. మా అలమర పై అఱలో నవి యున్నవి. చిన్నది దినమున కొకమాఱు పీట యెక్కి వాసన చూచి దిగుచున్నది. ఆ తేదీకి ఇంకను ఇరువదిరెండు దినములు గలవు.